నెమలికంఠం రంగు సంచి

సిస్టర్ల సత్రంలో ఎవరూ చెప్పి పోరు.

హిందూపురంలో ఆసుపత్రి వెనక సందులో ఉన్న ఆ ఇంటికి గేటు మీద వేరే పేరుంది. ఆటోవాళ్లకూ రోగులకూ మాత్రం అది సిస్టర్ల సత్రమే. పన్నెండు మంచాలు, ఒక వంటగది, వెనక బట్టలుతికే బండ. వారానికి రెండుమూడుసార్లు డాక్టరుకు చూపించుకోవాల్సినవాళ్లు, రొళ్ల నుంచో నల్లచెరువు నుంచో రోజూ బస్సెక్కే ఓపిక లేనివాళ్లు అక్కడ ఉంటారు. వచ్చేటప్పుడు అందరూ దణ్ణం పెట్టుకుంటూనే వస్తారు. నయమై పోయేటప్పుడు ఎవరూ నోరు విప్పరు. పోయొస్తామంటే మళ్లీ రావలసి వస్తుందని భయం. పోతామంటే ఇంకా అశుభం. అందుకే తెల్లారగానే దుప్పటి నాలుగు మడతలు పెట్టి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోతారు. చూసినవాళ్లు కూడా వెనక నుంచి పిలవరు.

సిస్టర్ గ్రేస్ వచ్చిన కొత్తలో దీనికి నొచ్చుకుంది. తొమ్మిదేళ్లలో అలవాటు పడింది. మడత పెట్టిన దుప్పటి కనిపిస్తే, ఒకరు బాగుపడ్డారని లెక్క.

ఆ శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి రామలక్ష్మమ్మ మాత్రల అట్ట పట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చింది. రొళ్ల దగ్గరి మనిషి. షుగరు పుండుకు కాలికి కట్టు కట్టించుకుంటూ నెలరోజులుగా అక్కడే ఉంది.

"సిస్టరమ్మా, ఇవి నావి కాదు. నావి పచ్చగుంటాయి. ఇవి చూడు, తెల్లగుండాయి."

గ్రేస్ అట్ట తిప్పి చూసింది. కిడ్నీ రోగికి ఇచ్చే మందు.

"ఇవి నీకు యాడివి?"

"నా సంచిలోనే ఉండాయి. సంచి మాత్రం పక్క మేకుకు ఉండె. ఎవరో మార్చి తగిలించినారులే అనుకున్నా."

గ్రేస్ లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది.

సత్రంలో సగం మందికి చదువు రాదు. మాత్రల అట్టమీది అక్షరాలు వాళ్లకు గీతలు. అందుకని గ్రేస్ ఒక పద్ధతి పెట్టింది. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు పట్టుగుడ్డతో సంచి. హాలు గోడకు మేకులు, మేకుకు సంచి. పొద్దున మాత్రలకు తెల్లదారం కట్టి ఉంటుంది, రాత్రి మాత్రలకు నల్లదారం. ఎనిమిదికి గంట కొడుతుంది. గంట వినగానే తెల్లదారం అట్టలోంచి రెండు మాత్రలు మింగాలి. గుడ్డముక్కలు ధర్మవరం నుంచి వచ్చేవి. ఆరో మంచం ఉలిగమ్మ కూతురు రమాదేవి అక్కడ మగ్గం నేస్తుంది. తల్లిని చూడటానికి వచ్చినప్పుడల్లా మిగిలిన ముక్కలు మూటకట్టి తెచ్చేది.

ఒక రంగు ఒకరికే. అదే నియమం. ఆ నియమం పెట్టింది గ్రేసే. పోయిన వారం దాన్ని తప్పిందీ గ్రేసే. నెమలికంఠం రంగు ముక్క ఒకటి వచ్చింది. ఉలిగమ్మకు సంచి కుట్టాక ఇంకా మూరెడు మిగిలింది. "నాకూ అట్లాంటిదే కావల్ల సిస్టరమ్మా, నా జన్మలో పట్టు ముట్టలా," అని రామలక్ష్మమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. గ్రేస్ కాదనలేకపోయింది.

ఇప్పుడు ఆరో మేకు కింద నిలబడింది. రామలక్ష్మమ్మ తీసుకున్న సంచి దీనిది. పక్కనే రామలక్ష్మమ్మది, ఏడో మేకు, ఖాళీ. తిరిగి చూసింది. ఆరో మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది.

"ఇందిరమ్మా!"

వంటమనిషి గరిటెతోనే వచ్చింది.

"ఉలిగమ్మ ఎప్పుడు పోయింది?"

"ఏడు గంటల బస్సుకని ఆరున్నరకే పోయె. నిన్న డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు కదా."

"సంచి తీసుకోవడం చూసినావా?"

ఇందిరమ్మ గరిటె వైపు చూసింది. "చూసినా. ఏడో మేకుది తీసినట్లే అనిపిచ్చె. పిలుద్దామని నోటిదాకా వచ్చె సిస్టర్. ఆసుపత్రి నుంచి ఇంటికి పోతాండే మనిషిని ఎనక నుంచి యాడ పిలిచేది? పాపం కదా అని..."

"ఏమైనా తినిందా?"

"ఏమీ తినలా. నిన్న రాత్రి నుంచీ ఒక్కపొద్దు. ఏందో మొక్కు అనె. నీళ్లు తప్ప ముట్టలా."

గ్రేస్ గోడ గడియారం చూసింది. ఎనిమిదీ పదిహేను.

ఉలిగమ్మకు షుగరు లేదు. తీసుకుపోయింది రామలక్ష్మమ్మ పచ్చటి షుగరు మాత్రలు. రాత్రి నుంచి కడుపులో మెతుకు లేదు. షుగరు లేని మనిషి పరగడుపున అవి రెండు మింగితే రెండు గంటల్లో వణుకు, చెమటలు, తర్వాత స్పృహ తప్పడం. ఉలిగమ్మకు అంతకంటే ఘోరం. ఆమె కిడ్నీలు సగమే పనిచేస్తాయి. మందు ఒంట్లోంచి పోదు, పట్టుకుని కూర్చుంటుంది. కోమా. ఆ తర్వాతి మాట గ్రేస్ అనుకోదలచుకోలేదు.

మింగకుండా ఉంటుందా? ఉండదు. ఆరు వారాలు ఒక్క గంట కూడా తప్పని మనిషి. "ఇంటికి పోయినా ఎనిమిదికి నా గంట వినపడినట్లే అనుకోవల్ల," అని చెప్పింది గ్రేసే.

ఉలిగమ్మకు ఫోను లేదు. రిజిస్టరులో ఉన్నది రమాదేవి నంబరు. మోగి మోగి ఆగిపోయింది. మగ్గాల చప్పుడులో ఏం వినపడుతుంది? బస్టాండు కంట్రోలరుకు చేసింది. ఆయన కండక్టరు నంబరిచ్చాడు. కండక్టరు పేరు రాజశేఖర్. వెనక హారన్లు, గోల.

"ముసలామెనా సిస్టర్? సగం బస్సు ముసలామెలే. ఆడోళ్లకు టికెట్టు ఫ్రీ కదా, ఇసకేస్తే రాలడంల్యా."

"గళ్ల చీర. తలమీద కొంగు. ధర్మవరానికి ఒక్కతే వస్తాంది. ఆసుపత్రి నుంచి."

"ఆ... ఎనక సీట్లో ఒకామె ఉండాది, గళ్ల చీరే. ధర్మవరానికే జీరో టికెట్టు కొట్టినా. నిద్రపోతాంది."

నిద్ర. గ్రేస్ ఫోనులోకి అరిచింది. "లేపప్పా! లేపి చక్కెర నీళ్లు తాగించు. ప్రాణం మీదికొచ్చేది. మీరు యాడుండారు?"

"పెనుకొండ దాటి హైవే మీద. చెన్నేకొత్తపల్లిలో దింపి టీ అంగట్లో కూచోబెడతా. మీరు..."

లైను తెగింది.

డ్రైవరు గోపాల్ సత్రం వ్యాను బయటికి తీసేటప్పటికి ఎనిమిదీ ఇరవై అయిదు. గ్రేస్ బీపీ మిషనూ, గ్లూకోజు ప్యాకెట్టూ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. సోమందేపల్లి దగ్గర ఫోను మోగింది. రాజశేఖర్.

"దింపినా సిస్టర్. చెన్నప్ప టీ అంగడి. చక్కెర దండిగా ఏసి తాగించమని చెప్పినా. బస్సు లేటవుతాంది, పోతాండా."

గోపాల్ మొదటిసారి నవ్వాడు. "గండం గడిచినట్లే సిస్టర్. గట్టి ముసలామె ఆమె."

తొమ్మిదీ అయిదుకు పెనుకొండ కొండ ఎడమచేతి పక్కన కనిపించింది. ఊళ్లోకి తిరిగే దారి వచ్చింది. గోపాల్ వేగం తగ్గించలేదు. తగ్గించే కారణం అప్పటికి లేదు.

చెన్నేకొత్తపల్లి బస్టాపు పక్కన టీ అంగడి ముందు పదిమంది గుంపు. గ్రేస్ వ్యాను ఆగకముందే దిగింది. గుంపులోంచి గొంతు వినపడింది, పెద్ద గొంతు.

"యావోడప్పా వాడు కండక్టరు? నిద్రపోతాండే దాన్ని రెక్క పట్టుకుని దింపె! ఉలిగమ్మవేనా అంటే నిద్రమత్తులో ఏందో ఊ అన్నా. అంతే, దింపె! ఈ చెన్నప్ప మూడు గ్లాసులు తాగించె, చక్కెర నీళ్లు. నాకే షుగరుండాదిరా నాయనా అంటే, ఊరుకోవ్వా, తాగకపోతే సస్తావంట, సిస్టరు చెప్పె అంటాడు!"

గళ్ల చీరే. తలమీద కొంగే. ఉలిగమ్మ కాదు.



"నువ్వేనా ఆ సిస్టరు?" ముసలామె వేలు చూపించింది. "నా పేరు పుట్టమ్మ. రాయించుకో పుస్తకంలో. మళ్లా నన్ను యావరో అనుకుని దింపొద్దండి."

చెన్నప్ప తల గోక్కున్నాడు. "కండక్టరు చెప్పినట్లే చేస్తినమ్మా."

"అవ్వా," గ్రేస్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "బస్సులో నీ పక్కన ఇంకొకామె కూచోనిందా? నెమలికంఠం రంగు సంచి. పట్టుది."

పుట్టమ్మ కోపం సగంలో ఆగింది. "ఆ, నా పక్కనే. మంచి మనిషి. టైమెంతని ఊరికే అడగతానే ఉండె. ఎనిమిదైందంటే నా బాటిలు తీసుకుని మాత్రలేసుకునె."

"ఎన్ని?"

"రెండు. పచ్చగుండె."

"యాడ దిగింది?"

"పెనుకొండలో. ధర్మవరానికే టికెట్టు కొట్టించుకునింది. ఫ్రీనే కదా, మళ్లా ఇంకో బస్సెక్కితే ఏం పోతాది? బాబయ్యకు మొక్కుకోనుండ్యంట. రక్తం మార్చే మిషనుకు పోకుండా నయమైతే దర్గాలో చక్కెర మీద ఫాతేహా చదివిస్తానని. అంతవరకూ ఒక్కపొద్దు. కిలో చక్కెర కూడా ఆ సంచిలోనే పెట్టుకోనుండె, పాపం."

తొమ్మిదీ ఇరవై ఎనిమిది. మాత్రలు కడుపులో పడి గంటన్నర. ఒళ్లో కిలో చక్కెర పెట్టుకుని ఉలిగమ్మ ఆకలితో కూర్చుని ఉంది. చదివించకుండా అందులోంచి పలుకు కూడా నోట్లో వేసుకోదు.

"గోపాల్, తిప్పు!"

"నన్ను?" పుట్టమ్మ వెనక నుంచి అరిచింది. "నన్ను ధర్మవరం యావరు తీసకపోతారు?"

దారిలో గ్రేస్ నూటెనిమిదికి చేసింది. పెనుకొండ బండి వేరే కేసు మీద ఉంది, ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. దర్గా దగ్గర తెలిసినవాళ్లెవరూ లేరు. రమాదేవి తిరిగి ఫోను చేసింది.

"సిస్టర్, మిస్డ్‌కాల్ చూసినా. అమ్మ ఇంగా రాలేదే? బస్సు వచ్చిపోయిందంట."

"రమాదేవీ, నువ్వు వెంటనే పెనుకొండకు రా. గవర్నమెంటు ఆసుపత్రికి."

"ఏమైంది?"

ఒక్క మాటలో తప్పించుకోవచ్చు. కళ్లు తిరిగాయట అనొచ్చు.

"నేను తప్పు చేసినా. వచ్చినాక చెబుతా. రా."

దర్గా దగ్గర శుక్రవారం జనం. పూలు, చక్కెర, ఊదుబత్తీలు అమ్మే అంగళ్ల మధ్య వ్యాను ఇరుక్కుంది. గ్రేస్ దిగి పరుగెత్తింది. తెల్లచీర, తలమీద ముసుగు చూసి జనం దారి ఇచ్చారు. లోపల ఒక మూల గుండ్రంగా గుంపు. ఎవరూ తోసుకోవడం లేదు. అందరూ చేతులు జోడించి నిలబడి ఉన్నారు.

మధ్యలో ఉలిగమ్మ.

గోడకానుకుని కూర్చుంది. కొంగు జారిపోయింది. చెమటతో జాకెట్టు ఒంటికి అతుక్కుంది. తల అటూ ఇటూ ఊగుతోంది. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. ఆ వణికే చేతుల్లోనే నెమలికంఠం సంచి.

"ముట్టద్దండి," ఒకాయన చేయి అడ్డం పెట్టాడు. "బాబయ్య వచ్చినాడు ఆమె మీదికి. పావుగంట నుంచీ చెబుతాండాడు. మా పిల్లోని పెండ్లి సంగతి అడిగినాం."

ఎవరో ఆమె పాదాల దగ్గర పూలు కూడా పెట్టారు.

"ఆమె చస్తాండాది!" గ్రేస్ ఆ చేతిని పక్కకు నెట్టింది. "ఉలిగమ్మా! ఉలిగమ్మవ్వా!"

ముసలామె కళ్లు ఇటు తిరిగాయి. ఎవరినీ గుర్తుపట్టలేదు.

గ్రేస్ గ్లూకోజు ప్యాకెట్టు కోసం చుట్టూ తడుముకుంది. వ్యానులో ఉండిపోయింది. వ్యాను అంగళ్ల అవతల. సంచి మూతి లాగి చక్కెర పొట్లం పళ్లతో చింపి, గుప్పెడు తీసి ముసలామె నోటి దగ్గర పెట్టింది. పెదాలు బిగుసుకున్నాయి. గ్రేస్ బుగ్గలు నొక్కింది. ఉలిగమ్మ తల విదిలించింది. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడిదో తెలియదు. చక్కెర నేలపాలైంది.

"చదివించలా..." మాట ముద్దగా వచ్చింది. "ఇంగా... చదివించలా..."

బలవంతంగా కుక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నర్సుగా పదేళ్లు చేసిన మనిషికి ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. గ్రేస్ చుట్టూ చూసింది. సమాధి దగ్గర నెమలీకల కట్టతో వృద్ధుడైన సాయిబు ఒకాయన, ఎదురుగా పొడుగాటి వరుస.

గ్రేస్ చక్కెర పొట్లం రెండు చేతుల్లో పట్టుకుని ఆ వరుస ముందుకు పరుగెత్తింది.

"సాయిబుగారూ, ఇది చదివించండి. ఈమె పేరు మీద. ఉలిగమ్మ. తొందరగా. చదివించందే నోరు తెరవదు, నోరు తెరవకపోతే బతకదు."

ఆయన సిస్టరు మెడలో సిలువ చూశాడు. తర్వాత గుంపు సందులోంచి ముసలామెను చూశాడు. ఏమీ అడగలేదు. పొట్లం అందుకోలేదు కూడా. తానే లేచి, వరుసను అక్కడే వదిలి, ఉలిగమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. గ్రేస్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పొట్లం పట్టుకుంది. ఆయన అరచేతులు చాపి చదవడం మొదలుపెట్టాడు, గట్టిగా, ముసలామె చెవికి వినపడేటట్లు. అర నిమిషం పట్టి ఉంటుంది. గ్రేస్ మాత్రం ఉలిగమ్మ ముక్కుపుటాలనే చూస్తూ ఉంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ పెరుగుతోంది.

ఆయన ముఖం తుడుచుకుని, చిటికెడు చక్కెర తీసి ఆమె పెదాల మీద పెట్టాడు. "తీసుకో తల్లీ. అయింది. నీ మొక్కు తీరింది."

ఉలిగమ్మ నోరు తెరిచింది.

గ్రేస్ చక్కెర తడిచేసి చిగుళ్ల లోపల రాసింది, బుగ్గలకు రాసింది, మళ్లీ తడిచేసి మళ్లీ రాసింది. చేతులు జోడించి నిలబడ్డ జనం అప్పటికి చేతులు దించారు. పెండ్లి సంగతి అడిగినాయన నీళ్లు తెచ్చాడు. గోపాల్ వచ్చి ముసలామెను ఎత్తుకున్నాడు.

పెనుకొండ ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. పదిన్నరకు ఉలిగమ్మ కళ్లు తెరిచి పేరు చెప్పింది. పదకొండున్నరకు మళ్లీ మునిగిపోయింది. మందు ఇంకా ఒంట్లోనే ఉంది. కిడ్నీ డాక్టరున్న చోటికి తీసుకుపొమ్మన్నారు. అంటే మళ్లీ హిందూపురానికే.

రమాదేవి ధర్మవరం నుంచి వచ్చేసరికి స్ట్రెచరు బండి ఎక్కుతోంది. పట్టుపోగులు ఇంకా జుట్టులోనే ఉన్నాయి. గ్రేస్ ఆమెను పక్కకు పిలిచి మొత్తం చెప్పింది. రెండు సంచుల సంగతి కూడా. దాచుకోలేదు.

రమాదేవి సంచి చేతిలోకి తీసుకుని కుట్టు మీద వేలు పెట్టి చూసింది.

"నేనిచ్చిన గుడ్డే. కొత్త చీర కొంగు కోసినప్పుడు మిగిలింది, అమ్మకు అని తెస్తి. మీరు దాన్నే..." సంచి తిప్పి చూపించింది. "చదువు రానోళ్లని రంగులతో నడిపిస్తిరి గదా సిస్టర్. రంగు ఒకటే అయితే మేమేం చేయల్ల?"



నాలుగు రోజులు ఆసుపత్రిలో, ఆ తర్వాత పది రోజులు సత్రంలో, అదే ఆరో మంచం మీద. ఉలిగమ్మ బతికింది. కాళ్లు నిలిచాయి. అన్నం తింటోంది. కానీ ఆ రెండు గంటలూ తలలో ఎక్కడో ఒక రంధ్రం పెట్టాయి. కూతుర్ని గుర్తుపడుతుంది, మనవరాలి పేరు అడుగుతుంది. చెప్పిన అయిదు నిమిషాలకు మళ్లీ అడుగుతుంది. డాక్టరు కొంత తిరిగిరావచ్చన్నాడు. ఎంతో చెప్పలేదు.

గ్రేస్ రామలక్ష్మమ్మ సంచి విప్పేసి పసుపు గుడ్డతో వేరేది కుట్టింది. పెద్ద సిస్టరుకు ఉత్తరం రాసి జరిగినది జరిగినట్లు చెప్పింది. ఇక పోయేవాళ్లందరూ ఆఫీసులో సంచి చూపించి, చెప్పి పోవాలని హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. అందరూ తలలూపారు. మర్నాడు తెల్లారి చూస్తే మూడో మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ రోజంతా గ్రేస్ ఫోను వదల్లేదు. సాయంత్రానికి ఆ మనిషి మడకశిరలో క్షేమంగా దొరికాడు.

"చెప్పరు సిస్టర్," అంది ఇందిరమ్మ. "ఉలిగమ్మను ఎనక నుంచి నువ్వు పిలిచినావంట కదా దర్గాలో. అందుకే ఈడికే తిరిగొచ్చె అనుకుంటాండారు అందరూ."

పద్నాలుగో రోజు రమాదేవి తల్లిని తీసుకుపోవడానికి వచ్చింది. రాత్రి సత్రంలోనే పడుకుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆరున్నరకు గేటు మెల్లగా తెరుచుకుంది. వాళ్లిద్దరూ సందు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి, బస్టాపు బెంచీ మీద గ్రేస్ కూర్చుని ఉంది. ఆరింటి నుంచీ అక్కడే ఉంది. ఎదురు రావచ్చు, దానికి అడ్డు లేదు. వెనక నుంచి పిలిస్తేనే తప్పు.

రమాదేవి ఒక్క క్షణం ఆగింది. తర్వాత సంచి చాపింది. ముఖం మాత్రం రోడ్డు వైపే ఉంచింది.

గ్రేస్ అట్టలు ఒక్కొక్కటీ బయటికి తీసి చదివింది. తెల్లదారం. నల్లదారం. మళ్లీ మొదటి నుంచి చదివింది. అన్నీ లోపల పెట్టి ముడి వేసి, సంచి ఉలిగమ్మ చేతికే ఇచ్చింది.

ఉలిగమ్మ ఆ ముడి చూసింది, గ్రేస్‌ను చూసింది. నుదురు ముడిపడింది.

"చక్కెర చదివించినామా సిస్టరమ్మా?"

ఆ పొద్దున అది మూడోసారి అడగడం అని రమాదేవి ముఖమే చెప్పింది.

"చదివించినామవ్వా. నేనే పట్టుకోనుంటి."

"నువ్వా?" ముసలామె ఆమె మెడలో సిలువ చూసింది. నమ్మినట్లు లేదు. "అట్లయితే తినచ్చు నేను."

ధర్మవరం బస్సు వచ్చింది. రమాదేవి తల్లిని ఎక్కించి పక్కన కూర్చుంది. ఎవరూ చెయ్యి ఊపలేదు. గ్రేస్ కూడా ఊపలేదు. బస్సు కదిలాక గడియారం చూసుకుని సత్రం వైపు నడిచింది. ఎనిమిదికి గంట కొట్టాలి.